కుట్టుకు తోడు ఇస్త్రీ



మన పల్లెల్లో ఇప్పుడు కుట్టు మిషను లేని వీధి అరుదు. పొలం పనులు లేని రోజుల్లో జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకొనే అక్కచెల్లెళ్లు వరంగల్, హనుమకొండ, నర్సంపేట, పరకాల చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో ఉన్నారు. వీరిలో చాలామంది నోట వినిపించే బాధ ఒకటుంది. "కొలతలు సరిగానే తీసుకుంటాను, కుట్టు వంకర పోదు. అయినా నేను కుట్టిన జాకెట్టు చూడగానే ఇంట్లో కుట్టిందని తెలిసిపోతుంది. పట్నం టైలరుకు ఇచ్చినంత కూలి నాకు ఇవ్వరు" అంటారు.

ఈ తేడా చాలాసార్లు ఇస్త్రీ దగ్గర వస్తుంది. ఇస్త్రీ అంటే కుట్టంతా అయిపోయాక చివరన చేసే పని అని మనలో చాలామంది అనుకుంటారు. పని బాగా తెలిసిన టైలరు దుకాణంలో ఒక పూట కూర్చొని చూడండి. మిషను పక్కనే ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంటుంది. భుజం కుట్టు వేసి లేస్తాడు, దానిమీద ఇస్త్రీ ఒత్తుతాడు, మళ్లీ కూర్చుంటాడు. ఒక కుట్టును ఇస్త్రీతో అణచకుండా దానిమీదుగా ఇంకో కుట్టు వేయడు. ఈ నెల మనం నేర్చుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే. మిగిలినవన్నీ దీనికి తోడుగా చెప్పుకొనేవే.

రుద్దడం వేరు, ఒత్తడం వేరు

ఉతికిన చొక్కా ముడతలు పోవడానికి ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ జరుపుతాం. దీన్ని రుద్దడం అందాం. కుట్టు పనిలో కావలసింది ఇది కాదు. పెట్టెను కుట్టు మీద ఉంచి, రెండు మూడు సెకన్లు ఆనించి, పైకి ఎత్తి, పక్క చోట మళ్లీ ఉంచాలి. ఇది ఒత్తడం. ఇంకా పూర్తి కాని బట్ట మీద పెట్టెను లాగితే గుడ్డ సాగుతుంది. ముఖ్యంగా మెడ, చంక, క్రాసుగా కోసిన పట్టీలు సాగితే మళ్లీ వెనక్కి రావు. తరువాత మెడ వదులుగా నిలబడిందంటే కత్తెరను, కొలతను తప్పు పడతాం. చాలాసార్లు ఆ తప్పు ఇస్త్రీ లాగుడులో ఉంటుంది.

ఒత్తితే కుట్టు ఎందుకు అణుగుతుంది? నూలు పోగులోకి నీరు, వేడి రెండూ చేరినప్పుడు లోపలి పట్టు సడలుతుంది. ఆ సమయంలో పోగును ఎలా వంచి ఉంచితే, తడి ఆరి చల్లబడిన తరువాత అలాగే నిలుస్తుంది. గనుక ఇస్త్రీకి మూడు కావాలి: వేడి, కొద్దిగా తడి, కొంత బరువు. వీటికి తోడు నాలుగోది ఓపిక. పెట్టె ఎత్తిన వెంటనే బట్టను లాక్కోకుండా చల్లారేదాకా అక్కడే ఉంచండి. నున్నటి, రంగు వేయని చెక్క ముక్క ఒకటి దగ్గర పెట్టుకొని, ఇస్త్రీ తీయగానే దాన్ని కుట్టు మీద పది సెకన్లు అదిమి ఉంచితే మందపు గుడ్డల కుట్లు కూడా కాగితం మడత వలె అణుగుతాయి.

ఇస్త్రీ చేసే చోటు

కాళ్లున్న ఇస్త్రీ బల్ల కొనకపోయినా నష్టం లేదు. దానికన్నా మంచి సాధనం మన వరంగల్‌లోనే నేస్తారు. కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మందమైన నూలు జంపఖానాను నాలుగు మడతలు వేసి, గట్టి బల్ల మీదనో చెక్క మంచం మీదనో పరచి, పైన ఉతికిన తెల్లని నూలు దుప్పటి గట్టిగా లాగి కట్టండి. నూలు గనుక వేడికి తట్టుకుంటుంది, తడిని పీల్చుకుంటుంది, కుట్టు ఎత్తు కొంచెం లోపలికి దిగడానికి చోటిస్తుంది. స్పాంజి పరుపు, పాలిస్టరు దుప్పటి పనికిరావు. పరుపు మెత్తదనానికి ఒత్తిడి తగలదు, పాలిస్టరు కరిగి బట్టకు అంటుకుంటుంది. రంగు పోయే దుప్పటి కూడా వద్దు, తడికి ఆ రంగు కొత్త బట్టకు ఎక్కుతుంది.

ఇంకో రెండు సాధనాలు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత వార్తాపత్రికలను గట్టిగా గుండ్రంగా చుట్టి, పైన నూలు గుడ్డ బిగించి కుడితే చేతి కుట్లు ఒత్తడానికి గుండ్రని కర్ర తయారవుతుంది. దానిమీద చేతిని తొడిగి ఒత్తితే కుట్టు ఒక్కటే అణుగుతుంది, అవతలి పొర మీద గీత పడదు. పాత తువ్వాలును ముద్దగా చుట్టి గుడ్డతో బిగిస్తే ఛాతీ టక్కులు ఒత్తడానికి దిండు అవుతుంది. ఒంపు ఉన్న చోటును చదును బల్ల మీద ఒత్తితే ఆ ఒంపు చచ్చిపోతుంది, అందుకే ఈ దిండు. వీటితోపాటు పాత నూలు పంచె ముక్క ఒకటి పై గుడ్డగా వాడటానికి, ఒక చిన్న గిన్నెలో మంచి నీళ్లు ఉంచుకోండి.

పెట్టె వేడి ఎంత?

అమెరికాలో హెన్రీ సీలీ 1882లో కరెంటు ఇస్త్రీ పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. మన ఊళ్లలో మాత్రం ఆ తరువాత ఎన్నో ఏళ్లు బొగ్గుల పెట్టెదే రాజ్యం. కరెంటు నమ్మకం లేని చోట్ల నేటికీ దానిని దాచుకున్నవారున్నారు. బరువు ఎక్కువ గనుక నూలు బట్ట మీద అది చక్కగా పని చేస్తుంది. దానితో ఉన్న చిక్కు వేడి ఎంతుందో తెలియకపోవడం. పెట్టె అడుగున ఒక నీటి చుక్క చిలకరించి చూడండి. చుక్క అక్కడే ఉండి నెమ్మదిగా ఆవిరైతే పెట్టె ఇంకా చల్లగా ఉందని అర్థం. సుయ్‌మని అక్కడికక్కడే మరిగిపోతే మధ్యస్థం. అంటుకోకుండా ముత్యంలా దొర్లి కింద పడితే బాగా వేడెక్కింది, అది మందపు నూలుకు మాత్రమే. కరెంటు పెట్టెకు మాత్రం ఈ నీటి పరీక్ష చేయకండి, దానికి తిప్పే మీట ఉండనే ఉంది.

కరెంటు పెట్టె మీద, కొత్త బట్టల లోపలి చీటీ మీద చుక్కల గుర్తులుంటాయి. ఒక చుక్క తక్కువ వేడికి, రెండు చుక్కలు మధ్యస్థ వేడికి, మూడు చుక్కలు ఎక్కువ వేడికి గుర్తు. పెట్టె బొమ్మ మీద అడ్డంగా గుణకారం గుర్తు ఉంటే ఆ బట్టకు ఇస్త్రీ వద్దని అర్థం. నైలాను, పలుచని సింథటిక్ చీరలకు ఒక చుక్క. పట్టు, ఉన్ని, పాలిస్టరుకు రెండు. నూలు, నారకు మూడు. నూలు, పాలిస్టరు కలిసిన గుడ్డకు ఎప్పుడూ తక్కువ వేడిని ఓర్చే పోగునే లెక్కలోకి తీసుకోవాలి.

కరెంటు ఖర్చు గురించి భయపడేవారికి ఒక లెక్క. 1000 వాట్ల పెట్టె గంటసేపు ఆగకుండా మండితే ఒక యూనిట్. మీట ఉన్న పెట్టె వేడి చాలినప్పుడు తనంతట తానే ఆగి, చల్లబడినప్పుడు వెలుగుతుంది గనుక అంతకంటె తక్కువే అవుతుంది. కుట్టు మధ్యలో ఇస్త్రీ ఒత్తేటప్పుడు ఒక్కో కుట్టుకు పెట్టెను వేడి చేయనవసరం లేదు. నాలుగు జాకెట్ల భుజాలు ఒకేసారి కుట్టి, నాలుగూ ఒకేసారి ఒత్తండి. తక్కువ వేడి గుడ్డలతో మొదలుపెట్టి నూలుకు రండి. స్విచ్చి ఆపిన తరువాత మిగిలిన వేడితో రుమాళ్లు, లైనింగు ముక్కలు అయిపోతాయి. పెట్టె మీద గాలి పడేలా పంకా కింద కూర్చోకండి.

గుడ్డ ఏదో తెలియనప్పుడు

బజారులో "కాటన్" అని ఇచ్చినవన్నీ కాటన్ కావు. పాత చీరల్లో ఈ సందేహం ఇంకా ఎక్కువ. అంచు నుండి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ల పళ్లెం పైన అగ్గిపుల్లతో అంటించండి. పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య రాలిపోయే మెత్తని బూడిద మిగులుతుంది. పట్టు, ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అయ్యే నల్లని గుండు మిగులుతుంది. పాలిస్టరు, నైలాను ముడుచుకొని కరిగి, చల్లారాక నలగని గట్టి పూస అవుతాయి. పాలిస్టరు 250 డిగ్రీల సమీపంలో కరుగుతుంది. కాని అంతకు చాలా ముందే మెత్తబడి ముదురు రంగుల మీద అద్దం వంటి మెరుపు మచ్చ పడుతుంది. అది పోదు. అందుకే ఇటువంటి గుడ్డను తిరగేసి, పైన పంచె ముక్క వేసి మాత్రమే ఒత్తాలి.

గద్వాల చీర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ఒంటి భాగం నూలు, అంచు, కొంగు పట్టు. ఒకే వేడితో మొత్తం లాగేయకూడదు. ముందు పెట్టె మధ్యస్థంగా ఉండగా అంచును, కొంగును తిరగేసి పైగుడ్డ వేసి ఒత్తి, తరువాత వేడి పెంచి ఒంటి భాగం చేయండి. పట్టు మీద నేరుగా నీళ్లు చిలకరిస్తే చుక్కల మరకలు నిలిచిపోతాయి. జరీ ఉన్న చోట పెట్టె నేరుగా తగలకూడదు. ఇప్పటి నకిలీ జరీలో చాలావరకు పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది వేడికి ముడుచుకుపోతుంది.

కత్తెర పెట్టక ముందు

కుట్టు ఇస్త్రీ నిజానికి కత్తెర కంటె ముందే మొదలవుతుంది. జాకెట్టు లైనింగుకు వాడే నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. పై గుడ్డ పాలిస్టరో పట్టో అయి కుదించుకుపోకపోతే లోపలి లైనింగు దాన్ని లాగి ముడతలు తెస్తుంది. ఇచ్చినవారు రెండు సార్లు కట్టి ఉతికాక వచ్చి గొడవ పడేది ఇందుకే. లైనింగు గుడ్డను రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరవేసి, కొంచెం చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు కోయండి. చీర ఫాలుకూ ఇదే నియమం. ఫాలు ఉతకకుండా కుడితే మొదటి తడికి చీర అంచు కుచ్చిళ్లలా ముడుచుకుంటుంది. పై గుడ్డను ఉతికే వీలు లేకపోతే కనీసం ఆవిరి ఇస్త్రీ అయినా చేయండి.

ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టె పడుగు వెంట నిలువుగా నడవాలి, లేదా పేక వెంట అడ్డంగా. మూలకు లాగితే గుడ్డ మెలి తిరుగుతుంది. అలా మెలి తిరిగిన గుడ్డ మీద కోసిన లంగా ఎంత బాగా కుట్టినా ఒక పక్కకు జారుతుంది. గుర్తులు పెట్టడానికి అరిగిన సబ్బు ముక్క మంచిది, ఉతికితే పోతుంది. మైనం చాకు గీతల మీద వేడి పెడితే జిడ్డు మరక దిగిపోతుంది. గుడ్డ మీద కూర మరక, నూనె మరక ఉంటే ముందు అది పోయేలా ఉతకండి. మరక మీద ఇస్త్రీ పెడితే ఆ వేడికి మరక పట్టుకుపోతుంది.

జాకెట్టు వరుస

ఒక లైనింగు జాకెట్టును ఉదాహరణగా తీసుకుందాం.

1. టక్కులు: కుట్టిన వెంటనే ముందు కుట్టు గీత మీదనే, మడత విప్పకుండా ఒకసారి ఒత్తండి. దారం గుడ్డలో దిగుతుంది. తరువాత తువ్వాలు దిండు మీద పరచి, నడుము టక్కులను ఛాతీ మధ్యకు, పక్క టక్కులను కిందికి తిప్పి ఒత్తండి. టక్కు కొన దాటి పెట్టె పోకూడదు, పోతే గుంట పడుతుంది.

2. భుజం: కుట్టు మీద ఒకసారి, మార్జిన్ విప్పి రెండు పక్కలకు తీసి ఒకసారి. మెడ పట్టీ వేయక ముందే ఇది కావాలి. పట్టీ వేశాక భుజం కుట్టు దానిలో ఇరుక్కుంటుంది, పెట్టె అందదు.

3. మెడ పట్టీ: క్రాసు పట్టీని మధ్యకు మడిచి ఒత్తి పెట్టుకోండి, లాగవద్దు. కుట్టిన తరువాత వంపు దగ్గర మార్జిన్‌ను అర అంగుళానికొక చిన్న గాటు పెట్టి, లోపలికి తిప్పి, లోపలి వైపు నుండి ఒత్తండి. గాటు పెట్టకుండా ఎంత ఒత్తినా మెడ గుండ్రంగా రాదు.

4. హుక్కుల పట్టీ: గీత గీసి, మడిచి, ఒత్తి, ఆ తరువాతే మిషను మీద పెట్టండి. మడత తనంతట తానే నిలుస్తుంది. గుండుసూదులు, పచ్చి కుట్లు అక్కరలేదు.

5. చేతులు: చేతి అంచు మడతను, చేతిని ఇంకా గొట్టంలా కలపక ముందే, పరచి ఉండగా మడిచి ఒత్తుకోండి. కలిపిన తరువాత ఆ చిన్న గుండ్రంలో మడతలు పెట్టడానికి పడే అవస్థ తప్పుతుంది.

6. పక్క కుట్లు: తరువాత వదులు చేయడానికి అక్కడ రెండు మూడు కుట్లు వేస్తాం. అన్నిటినీ కలిపి లోపలి వైపు నుండి గట్టిగా ఒత్తండి. లేకపోతే ఒంటికి గుచ్చుకుంటాయి.

ఇదంతా కలిపి ఒక జాకెట్టుకు అదనంగా పట్టేది పది పదిహేను నిమిషాలు. ముందే మడత పెట్టుకొన్నందువల్ల విప్పి కుట్టే పని తగ్గి, ఆ సమయం చాలావరకు తిరిగి వచ్చేస్తుంది.

2024లో తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. ఇలాంటి పని చేసే సోదరీమణులకు రెండు మాటలు. యూనిఫారం గుడ్డలో సాధారణంగా పాలిస్టరు పాలు ఉంటుంది. స్కర్టు మడతలను పచ్చి కుట్టుతో పట్టి ఉంచి, తడిపి గట్టిగా పిండిన పంచె ముక్క పైన వేసి, ఆ ముక్క ఆరేదాకా ఒత్తి, చల్లారాక కుట్టు విప్పితే ఆ మడత చాలా ఉతుకుల వరకు నిలుస్తుంది. చొక్కా కాలరులో వేసే అంటుకొనే బక్రం మీద పెట్టెను జరపకండి. ఒక్కో చోట 10 నుండి 15 సెకన్లు ఆనించి ఎత్తండి. జరిపితే బక్రం అక్కడక్కడ మాత్రమే అంటి, ఉతికాక కాలరు మీద బుడగలు లేస్తాయి.

బొంతకూ ఇస్త్రీ కావాలా?

కావాలి. అమ్మమ్మల నాటి పాత నూలు చీరలు పొరలుగా వేసి, పైన రంగురంగుల ముక్కలు అతికి, చేతి కుట్టుతో కుట్టిన బొంత మన ఇళ్లలో ఇంకా ఉంది. చలికాలంలో పసిబిడ్డ కిందికి దాన్ని మించినది లేదు. అయితే ముక్కల వరుసలు ఒకదానికొకటి కలవక, మధ్యలో ఉబ్బి, అంచులు అలలు అలలుగా వస్తాయని చాలామంది విసిగిపోతారు.

కారణం చిన్న లెక్కలో ఉంది. 12 ముక్కల వరుసలో 11 కుట్లుంటాయి. ఒక్కో కుట్టు దగ్గర సరిగా విప్పి ఒత్తకపోవడం వల్ల 2 మిల్లీమీటర్ల గుడ్డ మడతలో దాగిందనుకోండి. మొత్తం 22 మిల్లీమీటర్లు, దాదాపు ఒక అంగుళం. ఒక వరుస బాగా ఒత్తి, ఇంకోటి ఒత్తకపోతే రెండింటి మధ్య అంగుళం తేడా వస్తుంది. ఆ అంగుళాన్ని లాగి కలిపితే బొంత ఉబ్బక ఏం చేస్తుంది?

ముక్కలను కోయక ముందు పలుచని గంజి పెట్టి, చెమ్మగా ఉండగా ఇస్త్రీ చేయండి. మెత్తబడిన పాత గుడ్డకు కొంచెం బిరుసు వచ్చి కత్తెరకు, సూదికి లొంగుతుంది. గంజి ముద్దగా ఉంటే పెట్టెకు అంటుకొని గోధుమరంగు పెచ్చులు రాలుతాయి గనుక వడగట్టి వాడండి. రెండు ముక్కలు కలిపాక మార్జిన్‌ను రెండు పక్కలకు విప్పకుండా ఒకే పక్కకు, ముదురు రంగు ముక్క వైపుకు తిప్పి ఒత్తండి. కుట్టు గట్టిగా ఉంటుంది, ముదురు రంగు లేత ముక్క కింద నుండి కనిపించదు. ఒక వరుసలో మార్జిన్లన్నీ కుడికి తిప్పితే తరువాతి వరుసలో ఎడమకు తిప్పండి. రెండు వరుసలు కలిపేటప్పుడు కుట్ల ఎత్తులు ఒకదానికొకటి తాళం పడినట్టు కూర్చుంటాయి, మూలలు సరిగ్గా కలుస్తాయి.

అడుగు పొరలను కూడా విడివిడిగా ఇస్త్రీ చేసి, ఒకదానిపై ఒకటి పరచి, మధ్య నుండి అంచులకు పచ్చి కుట్లు వేసుకుంటూ రండి. లోపల ముడత ఉండి చేతి కుట్టు పడితే మళ్లీ దాన్ని తీయలేం. బొంత పూర్తయ్యాక మాత్రం పైన ఇస్త్రీ రుద్దకండి. పొరల మధ్య గాలి నిలవడం వల్లనే అది వెచ్చగా ఉంటుంది, అణచివేస్తే ఆ వెచ్చదనం పోతుంది. లోపల పాలిస్టరు దూది పెట్టిన బొంత అయితే వేడికి ఆ దూది అట్ట కట్టుకుపోతుంది. పూర్తయిన బొంతను ఒకసారి ఉతికి, గంజి పోగొట్టి, ఎండలో బాగా ఆరవేసి దాచండి. గంజి ఉన్న గుడ్డను పురుగు త్వరగా పడుతుంది.

తండాల్లో లంబాడీ సోదరీమణులు కుట్టే అద్దాల పని, గవ్వలు, ఉబ్బెత్తు దారపు పని ఉన్న గుడ్డలను, మన ఇళ్లలో ఎంబ్రాయిడరీ చేసిన దిండు గలీబులను కూడా ఇలాగే జాగ్రత్తగా చూడాలి. మందపాటి తువ్వాలు పరచి, కుట్టు పని ఉన్న ముఖం కిందికి పెట్టి, వెనుక నుండి తేలికగా ఒత్తండి. దారం తువ్వాలులోకి దిగి, చుట్టూ గుడ్డ చదునవుతుంది, పువ్వు అణగదు.

ప్రాణం ముందు, బట్ట తరువాత

బొగ్గుల పెట్టెను తలుపులు మూసిన గదిలో ఎన్నడూ వాడకండి. వానాకాలం, చలికాలం గాలి రాకుండా అన్నీ బిగించి కూర్చోవడం మనకు అలవాటు. మండే బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే వెంటనే అందరినీ బయటికి తీసుకురండి. నిద్ర వస్తోందని అక్కడే పడుకుంటే ప్రాణానికే ముప్పు. నిప్పులను వసారాలో ఊది, బూడిద దులిపి, అడుగు తుడిచి తీసుకురావడం బట్టకూ మంచిది.

కరెంటు పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు ఉండాలి. తడి చేతులతో, తడి నేల మీద, చెప్పులు లేకుండా నిలబడి చేయకండి. తీగ మీద గుడ్డ పొర చిరిగితే టేపు చుట్టి సరిపెట్టకుండా తీగ మార్పించండి. కరెంటు పోయినప్పుడు ముందు స్విచ్చి ఆపండి. పెట్టెను బట్ట మీద వదిలేసి మరచిపోతే, కరెంటు వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ లేకపోతే ఇల్లు అంటుకుంటుంది. వేలాడే తీగను పాకే బిడ్డ లాగితే పెట్టె నేరుగా ముఖం మీద పడుతుంది. పని అయ్యాక చల్లారేదాకా ఎత్తున, గోడ వైపుకు జరిపి పెట్టండి.

ఒకవేళ కాలితే వెంటనే ఆ చోటును పారే చల్లని మంచినీటి కింద 20 నిమిషాలు ఉంచండి. వాపు రాక ముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. టూత్‌పేస్టు, సిరా, నూనె, దోసెల పిండి వంటివి పూయకండి. అవి వేడిని లోపలే ఉంచుతాయి, పుండు చీము పడుతుంది. బొబ్బ చిదపకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. కాలింది చిన్నపిల్లలైతే, లేదా ముఖం, అరచేయి, కీలు మీద కాలితే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తరచు అడిగే ప్రశ్నలు

తెల్ల చొక్కా మీద పసుపు రంగు కాలిన మచ్చ పోతుందా? నూలు మీద లేత పసుపు మచ్చ అయితే వెంటనే చల్లని నీళ్లలో నానబెట్టి, తడిగానే ఎండలో వేయండి, చాలావరకు తగ్గుతుంది. ముదురు గోధుమరంగుకు తిరిగితే పోగే కాలిపోయిందన్నమాట. అది పోదు. దానిమీద జేబో పువ్వో కుట్టడమే మార్గం.

పెట్టె అడుగు అంటుకుంటోంది, ఏం చేయాలి? పెట్టెను పూర్తిగా చల్లార్చి, వంట సోడాను నీళ్లతో ముద్ద చేసి మెత్తని గుడ్డతో రుద్ది, తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టండి. ఇసుక కాగితం, చాకు పెడితే గీతలు పడి ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది.

సిద్ధమైన జాకెట్టును కుట్లు తెలియకుండా ఇస్త్రీ చేయడం ఎలా? మధ్యలో ఒత్తుతూ వచ్చినవారికి చివరన చేయవలసింది చాలా తక్కువ. బట్టను తిరగేసి లోపలి వైపు చేసి, పైవైపు తేలికగా ఒకసారి పైగుడ్డ వేసి ఒత్తితే చాలు. కుట్టంతా అయ్యాక మొదటిసారి ఇస్త్రీ పెట్టేవారికే చిక్కంతా.

1934లో ఆజంజాహి మిల్లు మొదలైన నాటికే వరంగల్ బట్టల ఊరు. ఆ మిల్లు మూతపడింది గాని, గుడ్డ మీద బతికే చేతులు మన వాడల్లో, తండాల్లో, పల్లెల్లో మిగిలాయి. చాలా సంఘాలలో స్త్రీల కుట్టు కూటములకు దొర్కా పేరు పెట్టుకుంటాం. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన బట్టలనే. మన చేతి పనికి కూడా బట్టే సాక్ష్యం. ఇచ్చినవారు దాన్ని కట్టుకొని ఆదివారం నాడు నలుగురిలో నిలబడతారు. ఏడాదికి ఒక్కసారి కొత్త గుడ్డ కొనే తల్లి దాన్ని మీ చేతిలో పెట్టినప్పుడు, ఆ గుడ్డ చెడితే ఆమెకు ఇంకొకటి ఉండదు.

ఈ నెల కుట్టబోయే జాకెట్టు ఒక్కదానికైనా ప్రతి కుట్టునూ ఒత్తి, ఆ తరువాతే తరువాతి కుట్టుకు వెళ్లండి. పక్కన మీ పాత జాకెట్టు ఒకటి పెట్టి రెండింటి మెడలను, భుజాలను పోల్చి చూడండి. తేడా కనిపిస్తే ఆ పైన కూలి గురించి ధైర్యంగా మాట్లాడండి. వచ్చే నెల కాజాలు, గుండీలు, హుక్కులు ఊడిపోకుండా కుట్టే పద్ధతులు చూద్దాం.